గ్రెగర్ మెండెల్ - జీవశాస్త్ర విద్యార్థి యొకడు తన వృత్తిని వెదకికొనిన కథ

ప్రతి సంవత్సరమును పదవ తరగతి పరీక్షలు ముగిసిన వెనుక మా యుపాధ్యాయుల గదికి కొందఱు తలిదండ్రులు వచ్చుచుందురు. తమ బిడ్డకు జీవశాస్త్రమునందు మక్కువ మెండుగా నున్నదనియు, కావున వానిని వైద్యుని జేయ దలచితిమనియు వారు చెప్పుదురు. వైద్యకళాశాలలో చోటు దొరకనిచో నేమి చేయుదురని యడిగితిమా, వారికి వెంటనే మాట తోచదు. ప్రక్కన నిలిచియున్న బాలుడు తల వంచి నేల చూచును. జీవశాస్త్రము చదివినవానికి వైద్యవృత్తి యొక్కటియే మార్గమనియు, అది తప్పినచో బ్రదుకే దారి తప్పినట్లనియు మన యిండ్లలో నొక తలంపు వేరూనియున్నది.

వైద్యవృత్తి గొప్పదే, ఆ సేవకై పిలువబడినవారు ధన్యులు. అయినను జీవశాస్త్రమున కొక క్రొత్త శాఖనే ప్రసాదించిన మహనీయుడు రోగుల మంచముల యొద్ద నిలువజాలక యా పని మానుకొనవలసిన వాడయ్యెనని యెందఱకు దెలియును? ఆయన యుపాధ్యాయ పరీక్షయందు తప్పెను. మరల వ్రాయబోయి జబ్బుపడి తిరిగివచ్చెను. జీవితాంతమువఱకు ఉపాధ్యాయ యోగ్యతాపత్రము లేనివాడుగానే యుండెను. ఆయన పేరు గ్రెగర్ మెండెల్. ఈ సంవత్సరము మన పాఠశాలను విడిచి పోవుచున్న విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఆ జీవితమును విన్నవించుట యుపయోగకరమని తలంచుచున్నాను.

బాల్యము

మెండెల్ 1822వ సంవత్సరము జూలై నెలలో హైన్‌త్సెన్‌డార్ఫ్ అను పల్లెటూరియందు జన్మించెను. ఆ ప్రదేశ మప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యములోనిది. ఇప్పుడు చెక్ దేశమునకు జేరియున్నది. తలిదండ్రు లిడిన పేరు యోహాన్. గ్రెగర్ అనునది మఠములో జేరినపు డిచ్చిన పేరు. తండ్రి యగు ఆంటన్ కొద్దిపాటి భూమిగల రైతు. ఆ కాలపు ఆచారము ననుసరించి యతడు వారమునకు మూడు దినములు భూస్వామి పొలములో వెట్టి చేయవలెను. మిగిలిన దినములలోనే తన పొలము దున్నుకొనవలెను. తల్లి రోజీన్ తోటమాలుల కుటుంబమున బుట్టినది. వారికి వెరోనికా, యోహాన్, తెరేజియా అను ముగ్గురు బిడ్డలుండిరి. కుమారు డొక్కడే యగుటచే పొల మతనికే సంక్రమింపవలసియుండెను. కాబట్టి యీ బాలుని ముందు మొదట కనబడిన వృత్తి సేద్యము.

తండ్రికి పండ్లచెట్లన్న మిక్కిలి ప్రీతి. అంటుకట్టు విధానము నతడు కుమారునకు నేర్పెను. ఆ పల్లె బడిలో చదువుతోపాటు తోటపనియు, తేనెటీగల పెంపకమును నేర్పుచుండిరి. ఒక చెట్టు కొమ్మ తెచ్చి వేఱొక చెట్టునకు గట్టినచో పండు గుణ మెట్లు నిలుచుచున్నదో యీ బాలు డక్కడనే కన్నులార జూచెను. బాలుని బుద్ధికుశలతను గమనించిన గ్రామోపాధ్యాయుడు వానిని పై చదువునకు బంపుడని తలిదండ్రులను ప్రోత్సహించెను. ఒక్కగానొక్క కుమారుని పొలమునుండి విడదీయుట రైతు కుటుంబమునకు సామాన్యమైన విషయము కాదు. అయినను 1833లో, పదునొకండేండ్ల ప్రాయమున, యోహాన్‌ను లైప్నిక్ పట్టణమునకును, మరుసటి యేడు ట్రొప్పావు ఉన్నత పాఠశాలకును బంపిరి.

చెల్లెలి త్యాగము

ట్రొప్పావులో పూర్తి భోజనమునకు సొమ్ము చెల్లించుట కా తలిదండ్రులకు శక్తి లేకుండెను. బాలుడు సగము భోజనమునకే యేర్పాటు చేసికొనియెను. పల్లెనుండి బండి వచ్చినపుడు రొట్టెయు వెన్నయు నింటివారు పంపుచుండిరి. ఇట్లు అర్ధాకలితో చదువుచుండగా 1838లో పెద్ద యాపద సంభవించెను. తండ్రి వెట్టిపనిలో మ్రాను నఱకుచుండగా దుంగ మీదపడి యతని ఱొమ్ము నలిగిపోయెను. ఆ దెబ్బనుండి యతడు మరల పూర్తిగా కోలుకొనలేదు. పదునాఱేండ్ల యోహాన్‌కు ఇంటినుండి వచ్చు సహాయము నిలిచిపోయెను. అతడు ఇతర బాలురకు పాఠములు చెప్పి యా సంపాదనతో తన చదువు సాగించుకొనెను. శ్రమయు, ఆకలియు, దిగులును గూడి యతనిని పలుమాఱులు మంచము పట్టించెను.

1840లో ట్రొప్పావు చదువు ముగించి ఓల్మ్యూట్స్ నగరములోని తత్త్వశాస్త్ర విద్యాలయమున జేరెను. విశ్వవిద్యాలయమునకు బోవలెనన్న ఆ విద్య తప్పనిసరి. అచట పాఠములు చెప్పు పని దొరకక, జబ్బుపడి, ఇంటికి వచ్చి చాల నెలలు గడపెను. తండ్రి యిక పొలము చేయలేనని గ్రహించి 1841లో దానిని పెద్దల్లునికి అప్పగించెను. కుమారుడు కోరినచో పొలమును నిలిపియుంచుట కది కడపటి తరుణము. యోహాన్ కోరలేదు. సేద్యమన్న నతనికి ద్వేషము లేదు. కాని తన మనస్సు చదువున నున్నదని యతడు నిశ్చయముగా నెఱిగియుండెను.

ఇచట చెల్లెలు తెరేజియా చేసిన కార్యమును మఱవరాదు. తన పెండ్లికై కేటాయించిన కట్నములో కొంత భాగమును ఆ బాలిక యన్న చదువున కిచ్చివేసెను. మన దేశమున కట్నమనగా నాడుపిల్ల బ్రదుకున కెంత యవసరమైనదిగా నెంచబడుచున్నదో మనమెఱుగుదుము. ఆ కాలమున ఆ దేశమునను అట్లే. ఆమె చేయూత లేకున్న యోహాన్ ఓల్మ్యూట్స్ చదువు ముగియజాలకుండెను. ఈ ఋణమును మెండెల్ ఎట్లు తీర్చుకొనెనో ముందు చెప్పెదను.

మఠ ప్రవేశము

1843 నాటికి మెండెల్‌కు ఇరువదియొక్క యేండ్లు. విశ్వవిద్యాలయమునకు బోవుటకు ధనము లేదు, పొలము చేతి నుండి పోయెను, దేహము బలహీనము. నిత్యము తిండికై చింతింపవలసిన స్థితి యింక భరింపరానిదయ్యెను. ఓల్మ్యూట్స్‌లో భౌతికశాస్త్రము బోధించు ఫ్రాంట్స్ అను నాచార్యుడు ఈ పరిస్థితి నెఱిగి బ్ర్యూన్ నగరములోని పరిశుద్ధ తోమా మఠమున కీతనిని సిఫారసు చేసెను. బ్ర్యూన్ నిప్పుడు బ్రనో అందురు. 1843 అక్టోబరు 9వ తేదీన మెండెల్ ఆ యగస్టీను మఠమున బ్రవేశించి గ్రెగర్ అను పేరు వహించెను.

ఆయన దైవపిలుపు మాత్రమే విని మఠమునకు బోయెనా, లేక అన్నవస్త్రముల యిబ్బంది తీఱుటకై పోయెనా యని కొందఱు ప్రశ్నింతురు. రెండును గలిసియున్నవని చెప్పుటయే న్యాయము. తన పరిస్థితులే తన నిర్ణయమునకు గారణమని తరువాతి కాలమున ఆయన దాచక యొప్పుకొనెను. భగవంతుడు మనుష్యుని నడిపించునపుడు తఱచుగా పేదఱికమును, నిరాశను గూడ పనిముట్లుగా వాడుకొనును. అట్టి త్రోవన వచ్చినవాడైనను మెండెల్ తాను తీసికొనిన వ్రతమును కడవఱకు నిలుపుకొనెను.

ఆ మఠము ప్రార్థనకే గాక విద్యకును నిలయము. మఠవాసులలో ననేకులు పాఠశాలలలో బోధించుచుండిరి. మఠాధిపతియగు సిరిల్ నాప్ సేద్యమును, గొఱ్ఱెల పెంపకమును, పండ్లతోటలను వృద్ధి చేయుటయందు శ్రద్ధగల విద్వాంసుడు. మంచి గ్రంథాలయమును, మొక్కల తోటయు నందుండెను. మెండెల్ వేదాంతవిద్య నభ్యసించుచునే తీరిక వేళల మొక్కలను పరిశీలించుచుండెను. 1847 ఆగష్టులో ఆయనకు గురుపట్టాభిషేకము జరిగెను.

తగని పనియు, తగిన పనియు

1848లో ఆయనకు సంఘకాపరి పని యప్పగింపబడెను. మఠమునకు సమీపముననున్న ఆసుపత్రికి బోయి రోగులను, మరణావస్థలోనున్నవారిని దర్శించి యోదార్చుట యా పనిలో నొక ముఖ్యభాగము. మెండెల్ హృదయము మిక్కిలి మృదువైనది. ఇతరుల బాధను జూచినప్పు డాయన తానే బాధపడి క్రుంగిపోవుచుండెను. కొలది నెలలలోనే యాయనయే రోగియై మంచమెక్కెను.

ఈ సందర్భమున మఠాధిపతి నాప్ ప్రవర్తించిన తీరు తలిదండ్రులును, ఉపాధ్యాయులును గమనింపదగినది. ఆయన మెండెల్‌ను సోమరి యని నిందింపలేదు, భక్తిహీనుడని దూషింపలేదు. ఈ యువకునకు చదువునందు గొప్ప శ్రద్ధ యున్నదనియు, రోగుల పరామర్శయందు మాత్ర మోర్వరాని బెదురు గలదనియు బిషప్పుగారికి వివరించి, 1849 శరత్కాలమున ఆయనను త్స్నైమ్ పట్టణపు ఉన్నత పాఠశాలకు తాత్కాలికోపాధ్యాయునిగా బంపెను. అచట గణితమును, ప్రాచీన భాషలను బోధించుచు మెండెల్ క్రొత్త మనుష్యుడయ్యెను. ఆసుపత్రిలో మాట రానివాడు తరగతిలో ఉత్సాహముగా బోధింపసాగెను. ఒక పనికి తగనివాడు మఱియొక పనికి మిక్కిలి తగినవాడు కావచ్చునని నాప్ ముందుగనే గ్రహించెను. అట్టి కన్ను పెద్దలకు లేనిచో పిల్లల బ్రదుకులు వృథా యగును.

పరీక్షలో పరాజయము

ఉద్యోగము స్థిరపడవలెనన్న ప్రభుత్వ పరీక్షలో నుత్తీర్ణుడు కావలెను. 1850లో మెండెల్ వియన్నాకు బోయి పరీక్షకు గూర్చుండెను. ఆయనకు విశ్వవిద్యాలయ శిక్షణ లేదు. ప్రకృతిశాస్త్రమును చాలవఱకు స్వయముగా చదువుకొనినవాడు. భౌతికశాస్త్రమున ఆయన సమాధానములు పరీక్షకులను మెప్పించెను గాని ప్రకృతిశాస్త్రమునందు చాలినవి కాకపోయెను. ఫలితము పరాజయము. తరువాత నే విషయమున లోకమునకు గురువయ్యెనో ఆ విషయముననే యాయన తప్పెను!

అయితే ఆ పరీక్షకులలో నొకడు ఈ యభ్యర్థికి బుద్ధి లోపింపలేదనియు, క్రమశిక్షణతో గూడిన విద్యయే లోపించినదనియు గుర్తించి, విశ్వవిద్యాలయమునకు బంపుట మంచిదని సూచించెను. నాప్ అందుల కంగీకరించి మఠము ఖర్చుతో 1851లో మెండెల్‌ను వియన్నాకు బంపెను. 1853 వఱకు ఆయన యచట చదివెను. డాప్లర్, ఎటింగ్స్‌హౌసెన్ అనువారియొద్ద భౌతికశాస్త్రమును, ఊంగర్ అను నాచార్యునియొద్ద వృక్షశాస్త్రమును నభ్యసించెను. ప్రయోగము నెట్లు నిర్మింపవలెనో, సంఖ్యల నెట్లు లెక్కించి నియమమును రాబట్టవలెనో భౌతికశాస్త్రజ్ఞులు నేర్పిరి. మొక్క జీవకణముల నిర్మాణమును ఊంగర్ నేర్పెను. జీవశాస్త్రము చదువువారికి గణితముతో పని లేదని తలంచి యా పుస్తకమును మూసివేయు విద్యార్థులు ఈ విషయమును గుర్తుంచుకొందురు గాక. మెండెల్ కీర్తికి మూలము బఠాణీ తీగ మాత్రమే కాదు. ఆ తీగను లెక్కించిన యంకగణితము గూడ.

1854లో ఆయన బ్ర్యూన్‌లోని ప్రభుత్వ శాస్త్రోన్నత పాఠశాలలో భౌతికశాస్త్రమును, ప్రకృతిశాస్త్రమును బోధించు తాత్కాలికోపాధ్యాయుడయ్యెను. 1856లో మరల యోగ్యతా పరీక్షకు బోయెను గాని పరీక్ష నడుమ జబ్బుపడి దానిని ముగింపక తిరిగివచ్చెను. మఱి యెన్నడును పరీక్షకు బోలేదు. అయినను ఆ పాఠశాలలో పదునాలుగేండ్లు బోధించెను. విద్యార్థులు ఆయనను మిక్కిలి ప్రేమించుచుండిరి.

బఠాణీ తోట

అదే కాలమున మఠపు తోటలో ఆయన గొప్ప ప్రయోగమునకు బూనుకొనెను. ముప్పదియైదు మీటరుల పొడవు, ఏడు మీటరుల వెడల్పు గల చిన్న మడి యాయనకు జాలెను. బిడ్డ యొక గుణమున తండ్రిని, ఒక గుణమున తల్లిని, ఒక్కొక్కప్పుడు తాతను పోలుట కేమి కారణము? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. తలిదండ్రుల గుణములు పాలు నీరువలె గలిసిపోవునని సామాన్యముగా దలంచుచుండిరి. మెండెల్ దానిని తర్కముతో గాక, విత్తనములతో పరీక్షింప నిశ్చయించెను.

మొదట ముప్పదినాలుగు రకముల బఠాణీలను దెచ్చి, తమ గుణమును మార్పులేక నిలుపుకొనుచున్నవో లేవో రెండు సంవత్సరములు పరీక్షించి, వానిలో నిరువదిరెండింటిని బ్రత్యేకించెను. గింజ గుండ్రముగా నుండుటయో ముడుతలు పడుటయో, పసుపురంగో ఆకుపచ్చరంగో, మొక్క పొడుగో పొట్టియో - ఇట్లు స్పష్టముగా వేరుపఱుపదగిన ఏడు జతల గుణములను ఎన్నుకొనెను. బఠాణీ పువ్వు ముడుచుకొనియుండి తన పుప్పొడితోనే తాను ఫలించును. కావున మెండెల్ మొగ్గ విరియకమునుపే దానిని తెఱచి, అందలి పుప్పొడి తిత్తులను పట్టుకారుతో దీసివేసి, వేఱొక మొక్క పుప్పొడిని దెచ్చి యద్ది, తేనెటీగలు వాలకుండ చిన్న సంచి తొడిగెను. ఈ పనిని 1856 మొదలు 1863 వఱకు చేసెను. ఆ కాలమున ఆయన పరిశీలించిన మొక్కలు సుమారు 28,000.

గుండ్రని గింజల మొక్కను ముడుతల గింజల మొక్కతో సంకరము చేసినప్పుడు మొదటి తరమున గింజలన్నియు గుండ్రముగనే వచ్చెను. ముడుత మాయమైనట్లు తోచెను. కాని యా గింజలనే నాటి, వానిని తమంతట ఫలింపనిచ్చినప్పుడు రెండవ తరమున ముడుత మరల బయలుపడెను. ఆయన యొక్కొక్క గింజను లెక్కించెను. 7,324 గింజలలో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి. రంగు విషయమున 8,023 గింజలలో 6,022 పసుపు, 2,001 ఆకుపచ్చ. పొడుగు మొక్కలు 787, పొట్టివి 277. ఏ గుణమును దీసికొనినను ఇంచుమించు మూటి కొకటి!

అంతటితో నాగక మూడవ తరమును గూడ బరీక్షించెను. గుండ్రముగా కనబడిన గింజలలో మూడవవంతు మాత్రమే యెప్పుడును గుండ్రనివానినే యిచ్చెను. మిగిలిన రెండువంతులు లోపల ముడుతగుణమును దాచియుంచుకొని మరల రెండు విధములను ఇచ్చెను. దీనివలన తలిదండ్రుల గుణములు పాలు నీరువలె గలియవనియు, ఒక్కొక్క గుణమునకు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి చొప్పున రెండు బీజాంశములు బిడ్డకు వచ్చుననియు, ఒకటి పైకి కనబడుచు మఱియొకటి దాగియుండవచ్చుననియు, దాగినది నశింపక తరువాతి తరమున వెలికివచ్చుననియు తేలెను. నేడు జన్యువులని మనము పిలుచునవి యివియే.

1865 ఫిబ్రవరి 8వ తేదీనను, మార్చి 8వ తేదీనను బ్ర్యూన్ ప్రకృతిశాస్త్ర సంఘమువారి యెదుట ఈ ఫలితములను ఆయన చదివెను. మరుసటి సంవత్సరము ఆ సంఘపు సంచికలో నది యచ్చుపడెను. సంచిక ఐరోపాలోని యనేక గ్రంథాలయములకు జేరెను గాని దాని విలువ నెవ్వరును గ్రహింపలేదు. మ్యూనిక్ నగరమందలి నేగెలి అను ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞునితో మెండెల్ చాల సంవత్సరములు ఉత్తరములు నడపెను. నేగెలి యా ఫలితములను నమ్మజాలక, తాను పరిశోధించుచున్న హాక్‌వీడ్ అను మొక్కపై ప్రయోగము చేయుటకు ప్రోత్సహించెను. ఆ మొక్క తఱచుగా పుప్పొడి కలయిక లేకయే విత్తనము కట్టునను సంగతి అప్పు డెవ్వరికిని తెలియదు. అందుచే బఠాణీల నియమము దానియందు కనబడలేదు. ఆ సూక్ష్మమైన పూవులతో పనిచేయుచు మెండెల్ కన్నులను గూడ శ్రమపెట్టుకొనెను.

మఠాధిపత్యము

1868లో నాప్ స్థానమున మెండెల్ మఠాధిపతిగా నెన్నుకొనబడెను. వెట్టిచేసిన రైతు కుమారునకు అది యెంతో గొప్ప పదవి. పాఠశాలకు వీడ్కోలు చెప్పుట యాయనకు కష్టముగనే తోచెను గాని, ఇకమీదట పరిశోధనకు మఱింత తీరిక దొరకునని యాశించెను. ఆ యాశ నెరవేఱలేదు. మఠపు భూములు, లెక్కలు, సభలు, బ్యాంకు వ్యవహారములు ఆయన కాలమంతయు హరించినవి. 1874లో మఠముల యాస్తిపై ప్రభుత్వము విధించిన పన్ను న్యాయము కాదని ఆయన దానిని చెల్లింప నిరాకరించి, మరణించువఱకు పోరాడెను. ఆ పోరాటమున పాతమిత్రులు గూడ దూరమైరి. కొలది సంవత్సరములకే మొక్కల సంకర ప్రయోగములు నిలిచిపోయినవి.

ఈ భాగమును నేను దాచక వ్రాయుచున్నాను. ఏలయన, పెద్ద పదవి దొరికినచో మనము కోరిన పనియంతయు సులభముగా సాగునని మన మనుకొందుము. పదవి గౌరవము నిచ్చును. కాని మనము ప్రేమించు పనికి వలసిన గంటలను తీసికొనిపోవును. వృత్తి నెన్నుకొనువాడు దానివలన వచ్చు జీతమును, పేరును మాత్రమే గాక, అది దినమున నెన్ని గంటలు ఏ పనిలో గడపింపజేయునో గూడ విచారింపవలెను.

అయినను మెండెల్ పూర్తిగా శాస్త్రమును విడువలేదు. తేనెటీగలను బెంచెను. వాతావరణమును ప్రతిదినము పరిశీలించి వ్రాసికొనుచుండెను. 1870లో బ్ర్యూన్ నగరముపై విరుచుకొనిపడిన సుడిగాలినిగూర్చి ఒక వ్యాసము వ్రాసెను. తన కట్నపు భాగమిచ్చిన చెల్లెలిని ఆయన మఱవలేదు. తెరేజియా కుమారులు ముగ్గురును ఆయన సహాయముననే చదువుకొనిరి. వారిలో నిద్దఱు వైద్యులైరి. రోగుల యెదుట నిలువజాలని మేనమామ ఇద్దఱు మేనల్లుండ్రను రోగుల సేవకు సిద్ధపఱచెను. ఇంతకంటె నింపైన ఋణవిమోచనము నే నెఱుగను.

మరణమును, తరువాతి కీర్తియు

1884 జనవరి 6వ తేదీన మూత్రపిండముల వ్యాధిచే మెండెల్ మరణించెను. బ్ర్యూన్ పేదలును, మఠవాసులును మంచి మఠాధిపతిని గోల్పోయితిమని దుఃఖించిరి. ఒక మహాశాస్త్రజ్ఞుని గోల్పోయితిమని తెలిసినవారు లేరు. పదునాఱు సంవత్సరములు గడచిన తరువాత, 1900లో, డివ్రీస్, కోరెన్స్, చెర్మాక్ అను మువ్వురు వేర్వేరు చోట్ల అట్టి ప్రయోగములు చేసి, తమకంటె ముప్పదినాలుగేండ్లు ముందుగనే ఒక మఠవాసి యీ నియమములను ప్రకటించెనని కనుగొనిరి. ఆనాటినుండి మెండెల్ నియమములు జన్యుశాస్త్రమునకు పునాదులైనవి. 1910లో బ్ర్యూన్‌లో ఆయన విగ్రహము నిలుపబడెను. ఆయన బఠాణీలు పండించిన మఠమున ఇప్పుడు ఆయన పేర నొక ప్రదర్శనశాల యున్నది.

ఆ బఠాణీ మడికిని మన యింటి కంచమునకును గూడ సంబంధము గలదు. బాపట్లలో వరివంగడముల సంకరణముచే రూపొంది 1986లో విడుదలయైన సాంబ మసూరిని తెలుగువారిలో నెఱుగనివా రెవరు? దానికి ఆకు ఎండుతెగులును తట్టుకొను శక్తినిచ్చు జన్యువులను చేర్చి, హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు రూపొందించిన మేలురకము 2008లో విడుదలయ్యెను. కోరిన గుణము నెన్నుకొని తరతరములుగా పరీక్షించి నిలుపుకొను ఆ పద్ధతికి మూలము మెండెల్ లెక్కలే.

విద్యార్థులకు నాలుగు మాటలు

ప్రియ విద్యార్థులారా, మెండెల్ జీవితమున సేద్యము, ప్రైవేటు పాఠములు, కాపరి పని, ఉపాధ్యాయత్వము, పరిశోధన, మఠాధిపత్యము - ఇన్ని ద్వారములు వరుసగా ఎదురైనవి. ఏ ద్వారము తనదో ఆయనకు ముందుగా దెలియదు. ఒక్కొక్కదానిని నిజాయితీగా పరీక్షించి, తగనిదానిని తగదని యొప్పుకొనెను. తగదని యొప్పుకొనుట యవమానము కాదు. మూసికొనిన ద్వారము యెదుట జీవితాంతము కూర్చుండుటయే నష్టము.

జీవశాస్త్రము నభ్యసింపగోరు మీకు వైద్యకళాశాల యొక్కటియే గాక యనేక మార్గములు గలవు. వ్యవసాయశాస్త్రము, పశువైద్యము, దాదివృత్తి, ఔషధశాస్త్రము, రక్తపరీక్షాలయముల పని, చేపల పెంపకము, అడవుల సంరక్షణ, జన్యుశాస్త్ర పరిశోధన, పాఠశాలలో బోధన - వీనిలో నేదియు తక్కువది కాదు. వీని నన్నిటిని వైద్యవిద్య దొరకనివారికి మిగిలిన యెంగిలి విస్తరివలె జూచుట తప్పు. మీ మనస్సేది కోరుచున్నది, మీ చేతు లేది నేర్పుగా చేయగలవు, మీ హృదయ మేది భరింపగలదు - ఈ మూటిని వేర్వేరుగా ప్రశ్నించుకొనుడు. మెండెల్‌కు దయాళుత్వము లేక ఆసుపత్రి పని విడువలేదు. ఆ దయ నాతని దేహము మోయజాలకపోయెను.

తలిదండ్రులారా, వెట్టిలో నలిగిన ఆంటన్ తన కొక్కడే కుమారుడైనను వానిని పొలమునకు గట్టివేయలేదు. తెరేజియా తన భాగమునిచ్చి, అన్న యీ వృత్తినే చేపట్టవలెనని నిర్బంధింపలేదు. మీరు బిడ్డల చదువునకై యొనర్చు త్యాగము గొప్పది. ఆ త్యాగము వారి మెడకు ఉరిత్రాడు కాకుండ జూచుకొనుడని వినయముతో బ్రార్థించుచున్నాను.

ఉపాధ్యాయులమగు మేము గూడ ఆ పరీక్షకునినుండి నేర్చుకొనదగిన దొకటి గలదు. పరీక్షలో తప్పిన బాలుని పత్రముపై అంకె వేయుట సులభము. వానిలో లోపించినది బుద్ధియా, శిక్షణయా యని చూచి దారి చూపుట మా ధర్మము.

తలాంతుల ఉపమానమున ప్రభువు దాసులందఱి కొక్కటే లెక్కగా నీయలేదు. ఎవరి సామర్థ్యము కొలది వారికి నిచ్చెను. తిరిగివచ్చి యడిగినపుడు, ఇచ్చినదానితో నేమి చేసితివనియే యడిగెను. పట్టా లేని ఉపాధ్యాయు డొకడు తనకు దొరకిన చిన్న మడిలో బఠాణీ గింజలను లెక్కించెను. మన పాఠశాల గేటు దాటి పోవుచున్న మీలో ప్రతివానికిని అట్టి మడి యొకటి యెక్కడనో యున్నది. దానిని మీరు కనుగొని, ఓపికతో సాగుచేయుటకు దేవుడు మీకు సహాయము చేయును గాక.